చెక్క దూరని వల

నేను పంతులుగా చేరిన మొదటి ఊరు కొల్లేటి మధ్య ఒక లంక. పంతొమ్మిదివందల ముప్ఫైల నాటి మాట. మాది పెంటపాడు పక్క. నాన్న చర్చిలో ఉపదేశి. ఏలూరులో ట్రైనింగ్ అయ్యాక చేపల శాఖవారు తమ బడికి నన్ను వేసుకున్నారు. చేపల శాఖకు బడి ఏమిటని మా ఊళ్లో అందరూ నవ్వారు. "చేపలకి చదువు చెబుతావుట్రా?" అని మా మేనమామ అడిగాడు. చెప్పవలసింది చేపలు పట్టేవాళ్ల పిల్లలకు. అంతవరకే అయితే బాగుండేది. శాఖవారు పంపే కాగితాలు ఊరికి చదివి వినిపించడం కూడా నా పనే.

ఒక వేసవిలో అలాంటి కాగితం వచ్చింది. కొల్లేట్లో చేప తగ్గిపోతోందట. సన్నకన్ను వలలతో పిల్లచేపలను ఊడ్చేస్తున్నారట. కాబట్టి వానలు పడ్డాక ఫలానా కొలతకు తక్కువ కన్నున్న వల కనిపిస్తే కోసేస్తారు. ఆ కొలత ఎంతో తెలియడానికి ఒక చెక్కముక్క కూడా పంపారు. వల కన్నులోంచి ఆ చెక్క దూరాలి. కొత్త వలలకు కావలసిన నూలు శాఖవారే ఇస్తారు. శాఖవారి పొరపాటు వల్ల ఎవరి వలైనా పాడైతే మళ్లీ నూలు ఇస్తారని కూడా అందులో ఉంది. అన్నట్టే నూలు వచ్చింది, పడవ నిండా. ఇది చెప్పకపోతే అన్యాయం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఈసారి పూజారి కూడా ఇచ్చాడు. చెడగొట్టింది నేను.

ఆ ఊళ్లో వల కొలత వేళ్లలో ఉండేది. రెండు వేళ్ల కన్ను, మూడు వేళ్ల కన్ను అనుకునేవారు. నేను సర్కారు చెక్కకు నకళ్లు చేయించి ఇంటికొకటి పంచాను. పంచుతున్నప్పుడు నేనే సర్కారునన్నంత గొప్పగా ఉండింది నాకు.

బడి పక్క గుడిసెలో ఒక ముసలావిడ ఉండేది. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. దోనె ఎక్కే మగమనిషి ఇంట్లో లేకపోయినా ఆమె బతుకు గడిచే దారి ఒకటి ఆ ఊరివాళ్లు పెట్టుకున్నారు. ఆమె అల్లిన వలను కూడా తమ వలలతో పాటు నీళ్లలో వేసేవారు. ఒడ్డుకు వచ్చాక చేపను పాళ్లు వేసేటప్పుడు మనిషికొక పాలు, వలకొక పాలు. ఆ వల పాలే ఆమె తిండి. వల లేకపోతే పాలు లేదు. పాలు లేనివాళ్లు ఇంకొకరి గుమ్మంలో నిలబడి అడగడం అక్కడ తప్పు. పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, అడగడానికే నోరు రాదు.

అందరికంటే ముందు వల మొదలుపెట్టింది ఆమే. రెండు బారలు అల్లి బడికి పట్టుకొచ్చింది.

"ఏవండీ పంతులుగారూ, తుమ్మచెక్కలో ఉడికితే నూలు ముడుచుకుపోద్దండి. కన్ను దగ్గరపడిపోద్ది. మేం ఎప్పుడూ ఓ గింజంత ఒదులుగా అల్లుకుంటామండి. ఇదీ అలాగే అల్లమంటారా?"

నీళ్లలో కుళ్లకుండా కొత్త వలను తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టడం ఆ ఊళ్లో నేను ఎన్నోసార్లు చూశాను. ఆ వాసనకు ముక్కు మూసుకుని పాఠం చెప్పినవాణ్ని. అయినా సరే, తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

"మామ్మా, సర్కారు కొలతంటే కొలతేనండి. గింజ ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. చెక్క ఎంతుంటే అంతే అల్లండి."

"అంతేనంటారా?"

"అంతే."

మిగతావాళ్లు నా ముందు తలూపి, ఇళ్లకు పోయి, తమ అలవాటు చొప్పున ఒదులుగానే అల్లుకున్నారు. అడిగిన పాపానికి ఆమె ఒక్కతే నా మాట ప్రకారం అల్లింది.

వానలు పడ్డాయి. ఏలూరు నుంచి ఇన్‌స్పెక్టరు గారు పడవలో వచ్చారు, వెంట ఒక బంట్రోతు. ఉడికి ఎర్రబడిన వలలన్నీ గట్టు మీద పరిచారు. బంట్రోతు చెక్క పట్టుకుని ఒక్కో వలలో దూర్చి చూశాడు. అన్నింట్లోనూ దూరింది. ముసలావిడ వలలో దూరలేదు. నాలుగు చోట్ల చూశాడు. ఎక్కడా దూరలేదు.

ఇన్‌స్పెక్టరు గారు చెడ్డవారు కాదు. మెత్తగానే అడిగారు.

"ఎందుకిలా అల్లావమ్మా? పంతులుగారు చెక్క ఇవ్వలేదా?"

ఆమె నావైపు ఒక్కసారి చూసింది.

"ఇచ్చారండి. ఆయన సరిగ్గానే చెప్పారండి. ముసలిదాన్ని, చూపానక నేనే తప్పుగా అల్లానండి."

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నేను శాఖవారి పంతులును, కాబట్టి అది శాఖ పొరపాటే. మళ్లీ నూలు వచ్చేది. ఆ ముక్క ఊరికి చదివి వినిపించింది నేనే. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. భయం కూడా వేయలేదు. ఏమీ అనిపించలేదు. బంట్రోతు కొడవలితో వలను నిలువునా కోస్తుంటే, ఆ కొడవలి పిడి కొత్తగా వేయించినట్టుంది అనుకున్నాను. అంతే అనుకున్నాను.

తర్వాతి వారం ఆమె నాట్ల కూలీలతో కలిసి పడవెక్కి వెళ్లిపోయింది. ఆ ఏడు మా ఊరి చేలలోనే నాట్లు వేసిందని సెలవుల్లో అమ్మ చెప్పింది. "మీ బడి ఊరావిడటరా. నిన్ను ఒకటే మెచ్చుకుంది" అంది. నేను అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు. ఆమె మళ్లీ లంకకు రాలేదు. తర్వాత కొల్లేట్లో చేప పెరిగిందన్నారు. పెరిగే ఉంటుంది.

వల కోసిన రోజున ఇంకొక పని మిగిలింది. కోసిన వల తాలూకు కాగితం రాయాలి. ఇన్‌స్పెక్టరు గారు చెబుతూ ఉంటే, దస్తూరి బాగుంటుందని నా చేత రాయించారు. పంతులుగారు వివరంగా చెప్పినా వినక, తన పొరపాటు వల్లనే తక్కువ కన్నుతో అల్లినట్టు ఆమె ఒప్పుకుంది, అని రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు. ఆమె వచ్చి బల్ల ముందు నిలబడింది. వేలిముద్ర వేయించుకునే ముందు చదివి వినిపించాలన్నది నియమం. "చదవమంటారా మామ్మా?" అని అడిగాను.

ఆమె బొటనవేలు సిరాలో అద్దుకుని కాగితం మీద నొక్కింది.

"ఎందుకండీ, మీరే రాశారు గదా" అంది.