పై ఇంటి ఏసీ నీళ్లు

మా పై ఫ్లాట్ ఆయనంటే నాకు ఒళ్లుమంట. ఆయన ఏసీ పైపు సరిగ్గా మా బాల్కనీలోకి కారేది. ఆరేసిన బట్టలు మళ్లీ తడిసేవి. రెండేళ్లు పోట్లాడాను. "జర అడ్జస్ట్ చేసుకోండ్రి మేడమ్, నీళ్లే గదా" అనేవాడు పళ్లికిలిస్తూ. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

ఆ బాల్కనీలోనే కుండీలో బ్లూబెర్రీ మొక్క పెట్టాను. మాదాపూర్ ఎండలో బ్లూబెర్రీ ఏమిటని రాయదుర్గం ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వినందుకే పండించి, వాళ్ల ముందు పెట్టి తీరాలనుకున్నాను. నెల తిరిగేసరికి ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. నర్సరీ ఆయన ఫోటో చూసి తిట్టినంత పని చేశాడు.

"బోరు నీళ్లు పోస్తున్రా? అన్నీ సున్నం నీళ్లే మేడమ్. దీనికి పుల్లటి మట్టి గావాలె. వాన నీళ్లు పొయ్యుండ్రి, లేకుంటే ఏసీ నీళ్లు."

వానలకి ఇంకా నెలలున్నాయి. మా ఇంట్లో ఏసీ లేదు. సిగ్గు విడిచి ఆ పైపు కిందే బకెట్ పెట్టాను.

మొక్క తేరుకుంది. కొత్త ఆకులు, తెల్లటి పూలు, తర్వాత శనగగింజలంత కాయలు. గొడవ ఆపేస్తే బకెట్ సంగతి ఆయన పసిగడతాడని నా భయం. అందుకని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారం వారం ఆ పైపు మీద దుమ్మెత్తి పోస్తూనే ఉన్నాను.

ఏప్రిల్‌లో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి బకెట్ ఎండిపోయి ఉంది. పైపుని వెనక గోడ మీదుగా కింద డ్రైనేజీ దాకా దించేశారు. మర్నాడు లిఫ్టులో ఆయన ఎదురుపడ్డాడు.

"ప్లంబర్‌ని పిలిపించిన మేడమ్. ఇగ మీకు పరేషాన్ లేదు." మొదటిసారి నవ్వకుండా, మర్యాదగా అన్నాడు.

మళ్లీ మా వైపు తిప్పించండి అని అడిగితే సరిపోయేది. అడిగితే వాట్సాప్‌లో నేను పెట్టిన ప్రతి మాటా నా మొహాన కొడతాడు. "థ్యాంక్సండి" అన్నాను. ఆయన్ని అప్పుడు అసహ్యించుకున్నంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

తాగే నీళ్ల క్యాన్లు పోసి చూశాను. ఎండాకాలం అవీ సరిగా దొరకలేదు. బోరు నీళ్లే పోశాను. ఆకులు మళ్లీ పసుపెక్కాయి, కాయలు పండకుండానే రాలిపోయాయి. ఒకటి ఏరి నోట్లో వేసుకున్నాను. పులుపు, వగరు. గోడ వెనక ఆయన ఏసీ నీళ్లు డ్రైనేజీలో పడుతున్న చప్పుడు వింటూ, ఉమ్మకుండా నమిలి మింగాను.