మోకాలు ఒప్పుకునేదాకా

నరసరావుపేటలో ఎవరైనా నా పనేమిటని అడిగితే, కబడ్డీ ఆడే ఒకబ్బాయికి ఫిట్‌నెస్ ట్రైనర్‌ని అని చెబుతాను. అడిగినవాళ్ళు "అంటే కబడ్డీ నేర్పుతావా?" అంటారు. కాదంటాను. "మరి కాళ్ళు నొక్కుతావా?" అంటారు. అదీ కాదంటాను. ఇంకేం అడగాలో తోచక "మంచిదేలే" అని వెళ్ళిపోతారు. మొదట్లో నిలబెట్టి వివరించేదాన్ని. ఇప్పుడు ఆ ఓపిక లేదు. ఇవాళ మాత్రం తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి, ఆ పని ఏమిటో, దాన్ని నేనెందుకు గొప్పగా చెప్పుకుంటానో మొదట్నించీ రాస్తాను.

మాది వెల్దుర్తి వైపు. నాన్న మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. బడి సెలవుల్లో నేను ఆయనకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. కొత్తగా పనిలో చేరినవాళ్ళు నడుం వంచి బండను లాగబోతే నాన్న దూరం నుంచే అరిచేవాడు. "నడుంతో ఎత్తమాకరా! కూర్చుని తొడలతో లెయ్యి!" ఆ తరవాత కొన్నేళ్ళకు వ్యాయామ విద్య కాలేజీలో మా మేడం బోర్డు మీద మనిషి బొమ్మ వేసి అదే మాట ఇంగ్లీషులో చెప్పింది. నేను పైకే నవ్వేశాను. ఎందుకు నవ్వావని అడగకుండానే బయట నిలబెట్టింది. నాకు కోపం రాలేదు. మా నాన్న మాట పుస్తకంలో ఉందని ఆ పూటంతా వరండాలో నిలబడి మురిసిపోయాను.

చదువయ్యాక నరసరావుపేటలోని ఒక జిమ్‌లో చేరాను. పొద్దున్నే ఆడవాళ్ళ బ్యాచి నాది. కాన్పు తరవాత నడుము నొప్పితో వచ్చేవాళ్ళు, షుగరు వచ్చిందని డాక్టరు భయపెడితే వచ్చేవాళ్ళు, మిషను కుట్టీ కుట్టీ మోకాళ్ళు పట్టేసినవాళ్ళు. వాళ్ళ దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

ఒకరోజు బ్యాచి అయిపోయే వేళకు ఒక తల్లి, ఆమె కొడుకు వచ్చారు. కొడుకు ఎత్తుగా, దిట్టంగా ఉన్నాడు కానీ చంకలో కర్ర పెట్టుకుని కుంటుతున్నాడు. వాళ్ళది నకరికల్లు దగ్గర పల్లె. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఉన్న కాస్త పొలంలో మిర్చి చూసుకుంటుంది. అబ్బాయి టీవీలో వచ్చే కబడ్డీ లీగులో అప్పటికి రెండు సీజన్లు ఆడాడు. కూతకెళితే నలుగురు మీద పడినా చెయ్యి చాపి గీత అందుకుంటాడని పేరు. మూడో సీజను మొదట్లోనే ఎవరో చీలమండ గట్టిగా పట్టుకుంటే ఒళ్ళంతా తిరిగింది, కాలు తిరగలేదు. కుడి మోకాలి లోపలి లిగమెంటు తెగిపోయింది. ఆపరేషనైంది. టీమ్ డాక్టరు ఫోన్లో కసరత్తుల పట్టిక పంపి, దగ్గరుండి చేయించే మనిషిని చూసుకోమన్నాడట. మా జిమ్ ఓనరు వాళ్ళను నా దగ్గరికి పంపాడు.

ఆ అబ్బాయి నన్ను నమ్మలేనట్టు చూశాడు.

"మేడం, మీరెప్పుడన్నా ప్లేయర్లకి చేయించారా?"

"లేదు."

"మరి?"

"మోకాళ్ళకి చేయించాను. నీదీ మోకాలేగా."

తల్లి ఫక్కున నవ్వింది. "అబద్ధం చెప్పలా చూడు. ఈమె దగ్గరే చేరు" అంది కొడుకుతో.

మొదటి నెల ఆట మాటే లేదు. పడుకోబెట్టి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలు చాపి తొడ బిగించమనేదాన్ని. పది లెక్కపెట్టి వదలమనేదాన్ని. మళ్ళీ బిగించడం, మళ్ళీ వదలడం. నలుగురు డిఫెండర్లను ఈడ్చుకెళ్ళిన మనిషికి, సొంత కాలు నేల మీద నుంచి జానెడు లేపడానికి చెమటలు పట్టేవి. సిగ్గుతో గోడ వైపు తిరిగేవాడు. వారానికోసారి టేపుతో రెండు తొడలూ కొలిచి నోట్‌బుక్కులో రాసేదాన్ని. కుడి తొడ చానా సన్నబడిందని కొలవకుండానే ఎవరికైనా తెలిసేది.

నొప్పి ఉందా అని నేను ఏ ఆటగాణ్ణీ అడగను. ఉన్నా లేదంటారు. అందుకని అతను మెట్లు దిగేటప్పుడు వెనక నిలబడి వినేదాన్ని. ఎడమ అడుగు, కుడి అడుగు. రెండు చప్పుళ్ళూ ఒకేలా ఉంటే ఆరోజు ఒక మెట్టు ఎక్కువ. తేడాగా ఉంటే ఆరోజు ఐసు ముక్కలు, ఇంటికి ప్రయాణం. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో, ఎన్ని గుడ్లు తిన్నాడో, ఫోను ఎంతసేపు చూశాడో అన్నీ రాసేదాన్ని. "అక్కా, నువ్వు పోలీసోళ్ళ కన్నా ఎక్కువ రాస్తన్నావ్" అనేవాడు. మేడం పోయి అక్క ఎప్పుడొచ్చిందో నేను గమనించలేదు.

కర్ర పోయింది. నడక వచ్చింది. సైకిలు, ఆ తరవాత పొద్దున్నే గ్రౌండులో మెల్లగా పరుగు. ఆరో నెల వచ్చేసరికి చూసినవాళ్ళెవరికీ అతని కాలికి ఏదో జరిగిందని తెలిసేది కాదు. అక్కడే చిక్కు వచ్చింది.

వేసవిలో వాళ్ళ ఊళ్ళో కబడ్డీ పోటీలు పెట్టారు. అతని మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు జిమ్‌కి వచ్చారు. మేనమామ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆదివారం మావాడు ఆడాలి. ఫ్లెక్సీలు గూడా కట్టాం."

"ఇప్పుడే ఆడలేడు బాబాయ్."

"పరిగెత్తతన్నాడుగా, మేం చూశాంగా."

"తిన్నగా పరిగెత్తుతున్నాడు. ఎవరన్నా పట్టుకుని కాలు మెలి తిరిగితే తట్టుకోలేడు."

"ఒక్క కూతేనమ్మా. ఊరి పరువు."

"ఆ ఒక్క కూతలోనే పోయిద్ది బాబాయ్."

ఆయన మేనల్లుడి వైపు తిరిగాడు. "ఏందిరా, కాలు నీదా, ఆమెదా?"

అబ్బాయి నా వైపు చూడకుండా అన్నాడు. "నాకేం నొప్పి లేదక్కా. ఒక్క మ్యాచి ఆడితే ఏమైద్ది?"

నేను వాదించలేదు. సుద్దముక్క తీసుకుని నేల మీద గీత గీశాను. ఎడమ కాలి మీద నిలబడి, ఒంటికాలితో ఎంత దూరం దూకగలిగితే అంత దూకమన్నాను. దూకాడు. మడమ పడిన చోట గుర్తు పెట్టాను. కుడి కాలితో దూకమన్నాను. దూకాడు. జానెడున్నర తక్కువ పడింది. పైగా దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగింది.

"జానెడేగా" అన్నాడు మేనమామ.

"ఆ జానెడూ రావడానికి ఇంకా మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆదివారం ఆడితే టీమ్ డాక్టరుకు నేనే ఫోన్ చేసి చెబుతాను. సోమవారం నుంచి నా దగ్గరికి రావద్దు."

నేను మాట మార్చలేదు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అతనూ వాళ్ళ వెంటే వెళ్ళాడు. జిమ్‌కి పేరు తెచ్చే మనిషిని పోగొట్టావని ఓనరు ఆ సాయంత్రం నా మీద కేకలేశాడు.

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. శుక్రవారం బ్యాచి ముగించుకుని నకరికల్లు బస్సెక్కాను. ఇంటి ముందు తల్లి ఎండుమిర్చి తిరగేస్తోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "లోపలున్నాడు, పో అమ్మాయ్" అంది. అతను మంచం మీద పడుకుని ఫోన్లో తన పాత మ్యాచిలే చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి అప్పుడతనికి చెప్పాను. కాలేజీలో నేను లాంగ్ జంప్ దూకేదాన్ని. బాగా దూకేదాన్ని. పందొమ్మిదో ఏట ఒక పోటీకి ముందు తొడ వెనక కండరం పట్టేసింది. మా సారు వచ్చి, "ఒక్క జంపేగా, కాలేజీ పరువు" అన్నాడు. దూకాను. కప్పు వచ్చింది. ఇసకలోంచి నన్ను ఇద్దరు మోసుకొచ్చారు. ఆ తరవాత మూడేళ్ళు వైద్యానికి ఎన్నో చోట్లకు తిరిగాను కానీ మళ్ళీ అంత దూరం ఎప్పుడూ దూకలేకపోయాను.

"మా సారు చెడ్డవాడు కాదు తమ్ముడూ. ఆగు అని చెప్పే పని అక్కడ ఎవరిదీ కాదు, అంతే. ఇక్కడ ఆ పని నాది. నువ్వు తిట్టుకున్నా నేను చెప్పాల్సిందే."

అతను ఫోను పక్కన పెట్టాడు. తల్లి మజ్జిగ ఇచ్చింది, తాగి బస్సుకు వచ్చేశాను.

ఆదివారం నేను ఆ ఊరికి వెళ్ళలేదు. మధ్యాహ్నం తల్లి ఫోను చేసింది. వెనక మైకు హోరులో ఆమె గట్టిగా అరుస్తోంది. "అమ్మాయ్, వాడు దిగలా! గట్టున కుర్చీ ఏసుకుని మనోళ్ళకి ఎట్టా పట్టాలో చెప్తన్నాడు. వాళ్ళ మామ మాత్రం మొహం మాడ్చుకున్నాడు!" నేను ఫోను పెట్టేసి, పొద్దుటి నుంచి ముట్టని అన్నం కలుపుకుని తిన్నాను.

సోమవారం నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. టేపు తీసి తొడ కొలిచాను.

తరవాతి నెలలే అసలు కష్టం. ఇటుక ఎత్తు పీట మీద నుంచి ఒంటికాలితో దిగడం, మోకాలు లోపలికి వంగకుండా ఆపడం, గాల్లో తిరిగి రెండు కాళ్ళ మీదా సమంగా వాలడం. ఊళ్ళోని కాలేజీ కబడ్డీ జట్టులో పట్టు బాగా వేసే ఇద్దరిని పిలిపించి, ముందు నడుం, తరవాత తొడ, చివరికి చీలమండ పట్టించాను. మొదటిసారి చీలమండ పట్టుకున్నప్పుడు అతని మొహం పాలిపోయింది. ఆ రోజు అంతటితో ఆపేశాను. మర్నాడు మళ్ళీ పట్టించాను. మోకాలికి భయం పోవడం ఒకటి, మనిషికి భయం పోవడం ఇంకొకటి. రెండోది ఏ టేపుకూ అందదు.

సుద్దగీతల మధ్య తేడా జానెడైంది, నాలుగు వేళ్ళైంది. ఒకరోజు కుడి మడమ సరిగ్గా ఎడమ మడమ గుర్తు మీదే పడింది. నేను నమ్మలేక ఇంకోసారి దూకమన్నాను. ఇంకోసారి. మూడుసార్లూ అక్కడే. ఆడవాళ్ళ బ్యాచి మొత్తం చప్పట్లు కొట్టింది. అతణ్ణి నీళ్ళు తాగమని చెప్పి, నేను పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

అతను టీమ్ క్యాంపుకు వెళ్ళిన నాలుగో రోజు ఫోను చేసి, "అక్కా, మా ట్రైనర్ సార్ మాట్లాడతాడంట" అని ఇచ్చాడు. ఆయన ఇంగ్లీషులో, మధ్యమధ్య హిందీలో మాట్లాడాడు. అన్ని పరీక్షలూ పెట్టారట. ఆపరేషనైన కాలు ఏదో రికార్డు చూస్తే తప్ప తెలియడం లేదన్నాడు. మీ సెంటర్లో ఎంతమంది పనిచేస్తారని అడిగాడు. నేనొక్కదాన్నేనన్నాను. నోట్‌బుక్కుల సంగతి అబ్బాయి చెప్పినట్టున్నాడు, నేను రాసుకున్న పేజీల ఫోటోలు పంపగలనా అని అడిగాడు. మూడు నోట్‌బుక్కులు. నా గొలుసుకట్టు తెలుగు రాత ఆయనకు అర్థం కాదని తెలిసినా, ఒక్క పేజీ వదలకుండా అన్నీ పంపాను. అంకెలు చదవడానికి భాష అక్కర్లేదని ఆయనే తిరిగి మెసేజీ పెట్టాడు. ఆ మెసేజీ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

అతను మళ్ళీ ఆడిన మొదటి మ్యాచి వాళ్ళింట్లోనే చూశాను. గదినిండా ఊరి జనం. మేనమామ లేచి తన కుర్చీ నా వైపు జరిపి, "కూర్చో అమ్మాయ్" అన్నాడు. అందరూ పాయింట్లు లెక్కపెడుతుంటే నేను కుడి కాలు ఒక్కటే చూశాను. రెండో సగంలో ఒకడు చీలమండ పట్టాడు, ఇంకొకడు మీద పడ్డాడు. ముగ్గురూ కలిసి కింద పడ్డారు. తల్లి నా మణికట్టు పట్టుకుంది. అతను లేచాడు. చేతులు దులుపుకుని, కుంటకుండా, తన వైపుకు పరిగెత్తుకెళ్ళాడు.

ఆ మ్యాచి వాళ్ళ జట్టు ఓడిపోయింది. జనం ఉసూరుమన్నారు. నా మొహం చూసి మేనమామ, "ఓడిపోతే నవ్వుతావేందమ్మా?" అన్నాడు.

"లేచాడుగా బాబాయ్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అవునులే, లేచాడు" అని తనూ నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే అతను ఫోను చేశాడు. "అక్కా, రెండు తొడలూ లాగేస్తన్నయ్."

"రెండూనా?"

"రెండూ. ఒకేలా."

ఆ మాట తేదీ వేసి నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఈ ఏడాది టీమ్ వాళ్ళు క్యాంపుకు నన్నూ రమ్మన్నారు. ఆరు వారాలు. మోకాళ్ళు దెబ్బతిన్న ఇంకో ఇద్దరు ఆటగాళ్ళను నాకు అప్పగిస్తారట. పొద్దుటి బ్యాచిలో ఈ సంగతి చెబితే అందరూ సంతోషించారు. మిషను కుట్టే పిన్ని మాత్రం చాప మీద నుంచి లేవకుండా, "నువ్వు బోతే మా మోకాళ్ళ సంగతేంది?" అంది. ఆమెకూ, మిగతావాళ్ళకూ ఏ వారం ఏం చేయాలో కాగితాల మీద రాస్తున్నాను. ఇంకా ఐదుగురివి మిగిలాయి. అవి అయ్యాకే టికెట్టు కొంటాను.