లోపలి గడియ

టు-లెట్ బోర్డు కనిపిస్తే ఆగి చదవకుండా ముందుకు పోలేని దురలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇల్లు మారే అవసరమేమీ ఉండక్కర్లేదు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, గదులన్నీ చూసి, వంటగట్టు ఎటువైపుందో, మంచినీళ్ళు ఎప్పుడొస్తాయో అడిగి, "ఇంట్లో చెప్పి వస్తానండీ" అని బయటపడేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చుట్టుపక్కల నేను దూరని పోర్షన్ లేదని మావాళ్ళు వేళాకోళం చేసేవారు. ఈ పనికిమాలిన కుతూహలానికి ఎప్పటికైనా జీతమిచ్చేవాళ్ళుంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మలక్‌పేట వైపున్న ఒక అనాథ బాలికల వసతి గృహంలో నాకు పని దొరికింది. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడపిల్లలు అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలి. వెళ్ళే ముందు వాళ్ళకు సొంతంగా గది అద్దెకు తీసుకుని బతకడం నేర్పాలి. గ్యాస్ సిలిండర్ ఎలా మార్చాలి, కరెంటు మీటరు ఎలా చూడాలి, గోడకు మేకు కొట్టొద్దని ఓనరు అంటే ఏం చెయ్యాలి, ఇలాంటివి నా పాఠాలు. ఇదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాను. మొదటిరోజే నా తిక్క కుదిరింది.

"మేడమ్, రాత్రి తలుపు ఎవరేస్తరు?" అని వెనకాల కూర్చున్న అమ్మాయి అడిగింది.

"ఎవరేంటి? నువ్వే వేసుకోవాలి."

"లోపల్నుంచా?"

పిల్లలందరూ నా మొహంలోకి చూశారు. క్లాసయ్యాక వాళ్ళు పడుకునే హాలుకు వెళ్ళి చూశాను. తలుపుకు గడియ బయటే ఉంది. లోపలివైపు నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. వాళ్ళ భద్రత కోసమే అలా పెట్టామని వార్డెన్ చెప్పారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ తలుపు చూశాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

ప్రశ్న వేసిన అమ్మాయికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో అప్పుడే పని దొరికింది. నెలాఖరుకల్లా గది దొరికితే సరి. లేకపోతే వేరే జిల్లాలో ఉన్న మహిళల ఆశ్రమానికి పంపేస్తారు. పంపేస్తే పని పోయినట్టే. కాబట్టి మిగతావాళ్ళకంటే ఆ పిల్ల నా వెంట ఎక్కువ పడేది. నాకూ ఆమె అంటే తగని ఆసక్తి. వార్డెన్‌ది కృష్ణా జిల్లా, వంటావిడది నల్లగొండ పక్క పల్లె. ఇద్దరి మధ్యా పెరిగిన ఈ పిల్ల "ఎందుకండీ గట్ల చేస్తున్నరు?" అని అడిగేది. వినడానికి ఎంత ముద్దుగా ఉండేదో.

వంటలో ఆమెకు సాటి లేదు, కాకపోతే అది ఊరందరికీ సరిపడా వండే చెయ్యి. "ఒక్కరికి బియ్యం ఎన్ని పొయ్యాలె మేడమ్? ఉప్పు ఎంత?" అని అడిగి, నేను చెప్పింది నమ్మబుద్ధి కాక ఇంకో గుప్పెడు వేసేది. ఒక్కరి వంట నలుగురు తిన్నా మిగిలేది. పాల దగ్గర మాత్రం ఆమెను మించినవాళ్ళు లేరు. పెద్ద గిన్నెలో పాలు అంచు దాకా వచ్చి ఒక్క చుక్క కూడా ఒలకకుండా ఆగేవి. ఎటో చూస్తూ మాట్లాడుతున్నా చెయ్యి మాత్రం సరిగ్గా ఆ క్షణానికి వెళ్ళి స్టవ్ ఆపేసేది.

ఆమెకు ఎంతకీ రాని పాఠం ఒకటుంది. నేను తలుపు బయట నిలబడి కొట్టాలి, ఆమె లోపలి నుంచి "ఎవరు?" అనాలి. "నేనే" అంటే తియ్యకూడదు. "నేనే అంటే ఎవరు? ఏం కావాలి?" అని అడిగి, నచ్చితేనే తియ్యాలి. ఎన్నిసార్లు చేయించినా నేను కొట్టీ కొట్టకముందే తలుపు బార్లా తెరిచేది.

"మీ గొంతు తెల్సు కద మేడమ్."

"తెలిసినా అడగాలి."

"అడిగితే మీకు కోపం రాదా?"

తలుపు అంటే ఎవరొచ్చినా తోసుకొచ్చేది అనే ఆమెకు తెలుసు. మూసి ఉంచే హక్కు తనదని ఎంత చెప్పినా అదేదో పొగరుమోతు పనిలా జంకేది. నాకు విసుగొచ్చి ఒకరోజు గట్టిగా కసిరాను. దానికీ "సారీ మేడమ్" అంటూ తలుపు ఇంకాస్త తెరిచింది.

ఇళ్ళ వేట మొదలుపెట్టాం. ఓనర్లు ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు కాబట్టి ముందే జవాబులు బట్టీ పట్టించాను. మొదటి ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనే. ఓనరు గుంటూరు వైపు ఆవిడ. మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది.

"మీదే ఊరమ్మా?"

"హైదరాబాదేనండి," అంది పిల్ల నేర్పినట్టే.

"ఇక్కడెవరిది సొంత హైదరాబాదు? నాన్నగారిది ఏ జిల్లా? అమ్మగారి పుట్టిల్లెక్కడ?"

నేను బట్టీ పట్టించింది అక్కడికి అయిపోయింది. పిల్ల నా వైపు చూసింది, నేను ఫ్యాను వైపు చూశాను. తమ చుట్టాలెవరో గది అడుగుతున్నారని ఆవిడకు ఆ నిమిషంలోనే గుర్తొచ్చింది.

రెండో ఇల్లు చైతన్యపురిలో. ఓనరు నల్లగొండాయన, అరుగు మీద పేపరు చదువుతున్నాడు. "ఓ మాట ఆంధ్రోళ్ళ లెక్క మాట్లాడ్తవ్, ఓ మాట మన లెక్క మాట్లాడ్తవ్. ఏంది కత? అసలు ఎవరి బిడ్డవు?" అన్నాడు. ఆయన కోపంగా ఏమీ అడగలేదు, నాలాగే వింతపడి అడిగాడు. పిల్ల మళ్ళీ నా వైపు చూసింది. "టైం బాగలేదమ్మా, ఇయ్యాల రేపు ఎవరిని పెట్టుకున్నా పరేషానే," అని మళ్ళీ పేపర్లో తల పెట్టాడు.

బయటికొచ్చాక పిల్ల సందు చివరి దాకా నాకంటే ముందు నడిచింది. తర్వాత అంది: "మేడమ్, వాళ్ళడిగేదానికి జవాబు నాకూ తెల్వదు. తెల్వదనే చెప్తే ఏమైతది?"

ఏమవుతుందో నాకూ తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది. "చెప్పి చూద్దాం," అన్నాను.

మూడోది ఎల్బీ నగర్‌లో, డాబా మీద ఒంటి గది. కింద ఉండే ఓనరమ్మ నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ. చిక్కుడుకాయలు ఒలుస్తూ మామూలు ప్రశ్నే వేసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"తెల్వదమ్మా. చిన్నగున్నప్పుడు బస్టాండ్‌ల దొరికిన్నంట. ఏ బస్సు దిగిన్నో ఎవరికీ తెల్వదు."

చిక్కుడుకాయ ఆవిడ చేతిలోనే ఆగిపోయింది. "కులం?"

"అదీ తెల్వదు."

"మరి నీకు పేరెవరు పెట్టిండ్రే?"

అంతే, ఆవిడ నన్ను మించిన కుతూహలం గల మనిషని అర్థమైంది. జ్వరమొస్తే ఎవరు చూసేవారు, పండక్కి బట్టలెవరు కొనేవారు, కలలోకి ఎవరన్నా వస్తారా అని వరసగా అడిగింది. చాయ్ తాగించింది. మొదటిసారి పిల్ల తడబడకుండా జవాబులు చెప్పింది. కానీ గది ఇస్తావా అంటే మాత్రం ఓనరమ్మ ఎటూ తేల్చుకోలేక నసిగింది. చివరికి ఆ భారం పాల మీద పెట్టింది.

"ఈ ఇంట్ల పాలు పొంగియ్యకుండ ఎవ్వరు దిగలే. గురువారం మంచిగుంది. వచ్చి పొంగిచ్చు. మంచిగ పొంగితే ఉండు, లేకుంటే నన్ననొద్దు. నీ తరఫున ఓ మనిషి ఉండాలె." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేమైతవమ్మా ఈ పిల్లకు?"

"టీచర్నండీ."

"టీచర్ గాదు, మనిషి గావాలె," అంది. "సరే తియ్, నువ్వే రా."

గురువారం నాడు బంద్ పడింది. బస్సులు లేవు. తెల్లారకముందే క్యూలో నిలబడి ఒక్క పాల ప్యాకెట్ సంపాదించాను. చాప, బకెట్, చిన్న సిలిండర్ స్టవ్ సర్దుకుని కొత్తపేట దాకా ఎలాగో ఆటోలో వచ్చాం. అక్కణ్ణుంచి నడకే. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జెండాలు, డప్పులు, పాటలు. నా పిల్ల వాటివేపు కన్నెత్తి చూడలేదు. ఒక పెద్ద అన్నం డేగ్సాలోకి తొంగి చూసి, "ఎసరు సాలదమ్మా, అడుగంటుతది," అంది. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వి, తెడ్డు ఆమె చేతికే ఇచ్చారు. నీళ్ళు పోయించి, మంట తగ్గించి, ఎంతో కాలంగా ఆ గుంపులో మనిషైనట్టు కలియబెడుతూ నిలబడింది.

"ఎవరి బిడ్డవే, పని మంచిగొచ్చు!" అని ఒకామె మెచ్చుకుంది. "ఇక్కడిదాన్నే," అని పిల్ల నవ్వి బకెట్ ఎత్తుకుంది.

ఓనరమ్మ గది కడిగించి, గుమ్మానికి పసుపు రాసి ఉంచింది. గిన్నెకు బొట్లు పెట్టి పాలు పోసి స్టవ్ మీద పెట్టాం. ఓనరమ్మ చేతులు జోడించింది, నేనూ జోడించాను. పాలు మెల్లగా కదిలాయి, పైకి లేచాయి, సరిగ్గా అంచు తాకబోతుండగా పిల్ల చెయ్యి పోయి స్టవ్ ఆపేసింది. పాలు కిందికి దిగిపోయాయి.

"అయ్యో, చెయ్యి పోయిందమ్మా," అంది నాలిక్కరుచుకుని.

మళ్ళీ వెలిగించింది. మళ్ళీ పాలు లేచాయి, మళ్ళీ చెయ్యి పోయింది. ఈసారి ఓనరమ్మ చేతులు విడిచి గోడకు చేరగిలబడింది. మొహంలో కళ తప్పింది.

"నాకు మంచిగనిపిస్తలేదు బిడ్డా. ఇల్లు ఒప్పుకుంటలేదేమో."

నెలాఖరు ఇంకెంతో దూరం లేదు. "ఉండండి, నేను పొంగిస్తాను," అని ముందుకు దూకాను.

"నువ్వుంటవా ఇంట్ల?" అని ఓనరమ్మ ఒక్క మాటతో నన్ను వెనక్కి పంపేసింది.

పిల్ల స్టవ్ దగ్గర తల వంచుకుని మాట్లాడింది. "చిన్నప్పటి సంది పాలకాడ నన్నే నిలబెట్టేటోళ్ళమ్మా. పొంగిపోతే చిన్నపిల్లలకు నీళ్ళు కలిపి పొయ్యాలె. వాళ్ళు గ్లాసులోకి చూసి నా మొఖం చూసేటోళ్ళు. అందుకే చెయ్యి దానంతటదే పోతది."

ఓనరమ్మ గోడ వదిలి పిల్ల పక్కకు వచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఈ ఇంట్ల పాలు తాగేటోళ్ళు ఎందరే?"

"నేనొక్కదాన్నే."

"మరి ఎవరికి తక్కువైతదే పిచ్చిదానా?"

పిల్ల తలెత్తి గదంతా చూసింది. మూలనున్న చాప, బకెట్, ఖాళీ గూళ్ళు. ఎవరూ లేరని అప్పుడే తెలుసుకున్నట్టు చూసింది. ఆ చూపు చూసి నాకు ఏడుపొచ్చింది. పిల్ల మళ్ళీ స్టవ్ వెలిగించి, రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుంది. పాలు లేచాయి. ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. పాలు అంచు మీద వణికి, గిన్నె చుట్టూ పొర్లి, చుయ్యిమని మంట మీద పడ్డాయి.

"ఒప్పుకుంది బిడ్డా, ఇల్లు ఒప్పుకుంది!" అని ఓనరమ్మ ఆమె బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. స్టవ్ ఆపిందే తడవు పిల్ల గుడ్డ తీసుకుని తుడవబోయింది. "జరసేపు ఉండనియ్యే," అని ఆవిడ ఆ గుడ్డ లాక్కుంది. గిన్నెలో మిగిలిన పాలల్లో చక్కెర వేసి, మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చింది.

సాయంత్రం దాకా ఉండి, సామాను సర్దించి, జాగ్రత్తలు చెప్పి బయల్దేరాను. గేటు దాకా వెళ్ళాక మబ్బు చూస్తే గొడుగు మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. మళ్ళీ మెట్లెక్కాను. తలుపు వేసి ఉంది. కొట్టాను.

"ఎవరు?"

"నేనే."

లోపల ఏ చప్పుడూ లేదు. నేను చెయ్యి తలుపు మీదే ఉంచి, అలవాటుగా తెరుచుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

"నేనే అంటే ఎవరండీ?"

ఇన్నాళ్ళూ ఊరూ పేరూ, ఎవరి బిడ్డవని అందరూ ఆమెనే అడిగారు. ఇప్పుడు తనే లోపల ఉండి అడుగుతోంది, నేను జవాబు కోసం తడుముకుంటున్నాను. "మేడమ్‌నమ్మా," అన్నాను చివరికి.

"ఏం కావాలి?"

"గొడుగు మర్చిపోయాను."

"ఒక్క నిమిషం ఆగండి."

గడియ తీసిన చప్పుడు వినిపించింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి గొడుగు, దాని వెనక ఆమె మొహం.

"కోపమొచ్చిందా మేడమ్?"

"రాలేదు."

"అయితే పోయిరండి. వానొచ్చేటట్టుంది," అని తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది. మళ్ళీ తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు.

ఊళ్ళో ఇళ్ళన్నీ పిలవకుండానే దూరి చూసొచ్చిన నన్ను గుమ్మం బయటే నిలబెట్టి పంపిన ఇల్లు అదొక్కటే. మెట్లు దిగుతుంటే సంతోషం పట్టలేక నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.