కిటికీ ఎవరు తీశారు?

ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే జివోయిన్ లెక్కలో ఈ లోకంలో జరిగే ప్రతి చెడుకూ కారణం ఒక్కటే: ప్రొమాయా. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచితే, వాటి మధ్య చెప్పులు చేతపట్టుకుని దొంగలా నడిచిపోయే గాలి. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, ఊరి ఫుట్‌బాల్ జట్టు ఓడినా, పక్కింటావిడ అలిగి పుట్టింటికి వెళ్లిపోయినా ఆయన కళ్లు మూసుకుని ఒకే మాట అడిగేవాడు.

"కిటికీ ఎవరు తీశారు?"

వాళ్ల ఊరు నోవీసాద్‌లో ఆ గాలికి భయపడనివాళ్లు లేరు. అక్కడ తల్లులు పాలతోపాటే ఆ భయాన్నీ పట్టిస్తారు. కానీ మిగతావాళ్లు దాన్ని జలుబు దగ్గరే ఆపేస్తే, బాబాయ్ కంప్యూటర్లదాకా తీసుకెళ్లాడు. నడివేసవిలోనూ నడుముకు ఉన్ని పట్టీ, కంప్యూటర్‌కు వాళ్లావిడ అల్లిన నీలం టోపీ. ఆఫీసు ప్రింటర్ మెడ అని ఆయన అనుకున్నచోట ఒక మఫ్లర్ కూడా ఉండేది. దగ్గుతున్నట్టు చప్పుడు చేస్తోందని ఆయనే చుట్టాడు.

రొట్టెల దుకాణం పైన, బాబాయ్ పనిచేసే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో దున్యా చేరింది వసంతంలో. చదువు అప్పుడే ముగిసిన పిల్ల. ఇంకా పర్మనెంటు కాలేదు. మిరపకాయలు కాల్చే యంత్రానికి ప్రోగ్రామ్ రాసే పని అప్పగించి డైరెక్టర్ వెలిమీర్ అన్నాడు. "ఐవర్ పచ్చడి పెట్టే రోజులకల్లా యంత్రం తిరగాలి. తిరిగితే నువ్వు ఇక్కడుంటావు. తిరగలేదా, నువ్వే తిరగాలి, ఉద్యోగాల కోసం."

శరదృతువు వచ్చింది. ఊరంతా బాల్కనీలలో ఎర్ర మిరపకాయలు కాలుతున్న వాసన, దాన్యూబ్ మీద నీలంగా వాలిన పొగ. నది కూడా కాస్త పచ్చడి రుచి చూసిందేమో అన్నట్టు మందంగా కదులుతోంది. సరిగ్గా అప్పుడే దున్యా కంపైలర్‌కు తిక్క పుట్టింది.

మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేది కంపైలర్. తయారైన ప్రోగ్రామ్ వేగంగా పరిగెత్తేలా దాన్ని పెట్టొచ్చు, లేదా అడుగడుగునా ఆగి సరిచూసుకునేలా పెట్టొచ్చు. దున్యా వేగానికి పెడుతుంది. ప్రోగ్రామ్ రాసుకునే ఎడిటర్ మూసి మళ్లీ తెరిస్తే సెట్టింగు ఏమీ ఎరగనట్టు పాతచోటే, ఆగి సరిచూసుకునే చోటే, కూర్చుని ఉంటుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ మారింది. ఎడిటర్‌ను తీసేసి కొత్తగా వేసింది. కంప్యూటర్‌ను ఆపి లేపింది. బతిమాలింది, తిట్టింది, చివరికి బల్ల కూడా మార్చింది. సెట్టింగు మాత్రం సాయంత్రమైతే గూటికి చేరే పావురంలా వెనక్కి వచ్చేస్తోంది.

"బాబాయ్, ఇది ఎందుకిలా చేస్తోంది?"

బాబాయ్ లేచి, వేలు తడిచేసుకుని ఆమె కంప్యూటర్ చుట్టూ గాలిలో తిప్పాడు. "ప్రొమాయా."

"సెట్టింగుకు జలుబు చేస్తుందా బాబాయ్!"

"జలుబు కాదమ్మా, చలి. చలేస్తే నువ్వు మాత్రం దుప్పట్లోకి దూరవూ? అదీ అంతే, అలవాటైన చోటికి పోతోంది." వెళ్లబోతూ ఆగాడు. "ఒక్క మాట. గాలి ఎప్పుడూ పరాయివాళ్లు తీసిన కిటికీలోంచి రాదు. మనం మొదటిరోజు సరదాగా తీసి మరిచిపోతామే, అందులోంచి వస్తుంది."

పిచ్చిమాటలు అనుకుంది దున్యా.

యంత్రాన్ని పరీక్షించే రోజు ఆమె సెట్టింగు వేగానికి మార్చి, ఎడిటర్ మూసి, కిందికెళ్లి మాంసం కూరిన బూరెక్ రొట్టె, పెరుగు తిని వచ్చింది. వచ్చి ఎడిటర్ తెరిచి, సెట్టింగు కేసి చూడకుండానే ప్రోగ్రామ్ తయారుచేసి పచ్చడి కార్ఖానాకు పంపించింది.

కాసేపటికి ఫోను మోగింది. కార్ఖానా యజమానురాలు స్తనీయా గొంతుకు ఫోను అవసరమే లేదు.

"వెలిమీర్! నీ యంత్రం ప్రతి మిరపకాయ దగ్గరా ఆగి ఆలోచిస్తోందయ్యా! వీణ్ణి కాల్చనా, వద్దా అని! అది నిర్ణయానికి వచ్చేలోపు కాయ బొగ్గయిపోతోంది. నాకు యంత్రం కావాలన్నానా, వేదాంతి కావాలన్నానా? కాయలు గుట్టగా పడున్నాయి, కుళ్లిపోతాయి!"

వెలిమీర్ తన గదిలోంచి మిరపకాయ రంగులో బయటికి వచ్చాడు.

"ఎవరు పంపారు ఇది? ఎవరు? ఇవాళ ఒకరు ఇంటికి పోవాల్సిందే!"

దున్యా లేచి నిలబడింది. "డైరెక్టర్ గారూ, అది..."

"కిటికీ ఎవరు తీశారు?" బాబాయ్ గొంతు చర్చి గంటలా మోగింది.

అందరూ కిటికీ వైపు చూశారు. దున్యా వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది. ఎదురుగా వెలిమీర్ గది కిటికీ కూడా. గట్టు మీద సగం కాలిన సిగరెట్టు, వెలిమీర్ బ్రాండుదే, ఇంకా పొగ వదులుతోంది.

"సిగరెట్టు కోసమని... నేనే తీశాను," అన్నాడు వెలిమీర్, కాస్త తగ్గి.

"రెండూనా?"

"పొగ పోవద్దూ?"

"ఆ పిల్ల వీపు మీద గాలి, కంప్యూటర్ నెత్తిన గాలి! మీ అమ్మ బతికుంటే ఏమనేది?"

వెలిమీర్ చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి వెళ్లింది. "అనుకుంటూనే ఉన్నా, పొద్దుట్నుంచీ ఇక్కడ పట్టేసినట్టుంది." తర్వాత గొణిగాడు. "దున్యా, నువ్వు స్వెట్టర్ వేసుకో. సాయంత్రంలోగా దాన్ని బాగుచెయ్యి." రెండు కిటికీలూ తనే మూసి, నేరస్థుడిలా గదిలోకి వెళ్లిపోయాడు.

దున్యా కూర్చుంది. మొదటిరోజు. సరదాగా తీసి మరిచిపోయిన కిటికీ. ప్రాజెక్టు ఫోల్డరు తెరిచి మూలమూలా వెతికింది. మూలలో ముడుచుకుని పడుకుని ఉంది, ఉద్యోగంలో చేరిన రోజు తనే హుషారుగా రాసుకున్న బుల్లి ప్రోగ్రామ్. ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ తన కాలేజీనాటి సెట్టింగులను తెచ్చి పైన పరిచేది! ఎంతో విశ్వాసంగా, పిలవకుండానే, అదే పని చేస్తూ ఉంది పాపం. తీసేసింది. ఎడిటర్ మూసి తెరిచింది. సెట్టింగు కదల్లేదు.

చీకటి పడకముందే స్తనీయా మళ్లీ ఫోను చేసింది. "ఆలోచించడం మానేసిందమ్మా! ఇప్పుడు మా ఆయనలా గిరగిరా తిరుగుతోంది!"

"బాబాయ్, మీకు ముందే తెలుసు కదూ?" అడిగింది దున్యా.

"నాకేం తెలుసు? గాలి ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, అంతే." ప్రింటర్ మఫ్లర్ సర్దుతూ అన్నాడు.

అప్పుడు దున్యాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పక్కబల్ల ఒలివేరా, దాచిపెట్టిన ఫైళ్లన్నీ చెరిపేసినప్పుడు ప్రొమాయా. ఎదురుబల్ల స్లావ్కో నిద్రపోయి మీటింగు ఎగ్గొట్టినప్పుడు ప్రొమాయా. తప్పులు ఎన్ని జరిగినా ఆ ఆఫీసులో ఎవరి ఉద్యోగమూ పోలేదు. శిక్ష పడింది ఎప్పుడూ కిటికీకే.

మంచు కురిసే రోజులు వచ్చాయి. కిటికీ సందుల్లో బాబాయ్ దూది కూరి, పైన టేపు అంటించాడు. దోమ కూడా దూరడానికి లేదు. అలాంటి ఒక ఉదయం వెలిమీర్ బయటికొచ్చి గర్జించాడు. మిరపకాయల యంత్రానికి వెళ్లాల్సిన ప్రోగ్రామ్ ప్లమ్ పళ్ల జామ్ కార్ఖానాకు వెళ్లింది. అక్కడ జామ్ మొత్తం కాలి, వీధంతా కమురు వాసన.

"ఎవరు పంపారు?"

పంపింది జివోయిన్ బాబాయ్. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు. తనకోసం ఆ మాట అనడం ఎన్నడూ చేతకానివాడిలా మూసేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

దున్యా నెమ్మదిగా లేచింది. కిటికీ దగ్గరికి నడిచి, అందరికీ వీపు పెట్టి, ఒక్క గుంజు గుంజింది. టేపు చిరిగింది, దూది ఎగిరింది, ఇంత మంచు గదిలోకి వచ్చి పడింది. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని ఇటు తిరిగింది.

"కిటికీ ఎవరు తీశారండీ?"

వెలిమీర్ చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది.