తెల్లగా కొట్టేసిన గోడ

మా పెదనాన్న మా కార్ల షెడ్డు గోడమీద ఏళ్ళ తరబడి వేసిన బొమ్మని మా నాన్న ఒక ఆదివారం పొద్దున తెల్లరంగుతో కప్పేశాడు. సున్నమైతే కడిగితే పోయేది. కార్లకి కొట్టే రంగే, షెడ్డులో ఉన్న స్ప్రే గన్‌తోనే, రెండు పూతలు కొట్టాడు. మర్నాడు ఎవరో పెద్దవాళ్ళొస్తున్నారు, షెడ్డు శుభ్రంగా ఉండాలని. వాళ్ళొచ్చేది ఆ గోడని చూడ్డానికేనని తనకి తెలియదని ఇప్పటికీ అంటాడు. నమ్మాలో వద్దో నాకింకా తేలలేదు.

పెదనాన్న పద్నాలుగో ఏట బడి మానేసి, కార్ల సొట్టలు తీసే ఒక షెడ్డులో చేరాడు. అక్కడి మేస్త్రీ మూడేళ్ళు గన్ ముట్టనివ్వలేదు. వేలిముద్రలు అరిగిపోయేదాకా ఉప్పుకాగితంతో పుట్టీ రుద్దించాడు. తర్వాత రంగు కలపడం. ఎర్రకారు డోరు సొట్టపోతే డబ్బాలోని కొత్త ఎరుపు పనికిరాదు, ఆరేళ్ళు ఎండలో నిలబడిన ఎరుపు కావాలి. "కారుని చూడకురా వెధవా, రంగుని చూడు. కళ్ళు సగం మూసుకో" అనేవాడట మేస్త్రీ. తప్పు కలిపితే మొట్టికాయ.

తర్వాత మా నాన్న సొంతంగా షెడ్డు పెట్టి అన్నని తెచ్చుకున్నాడు. కలిపిన రంగు సరిపోయిందో లేదో చూసుకోవడానికి పెదనాన్న వెనకగోడ మీద అరచేయంత మచ్చ కొట్టేవాడు. ఆరాక చూసి, మళ్ళీ కలిపి, ఇంకోటి. మొదట్లో చెయ్యి ఎక్కడ అందితే అక్కడే. ఎప్పుడు మారాడో ఎవరికీ తెలియదు, మచ్చ ఎక్కడ పడాలా అని వెతకడం మొదలుపెట్టాడు. గన్ పట్టుకుని గోడముందు పావుగంట నిలబడిపోయేవాడు.

"అన్నయ్యా, గోడతో కబుర్లయ్యాయా? కారాయన నా పీకమీద కూర్చున్నాడు."

"ఇక్కడొక బూడిదరంగు తక్కువైందిరా."

"నీ బుర్రలో తక్కువైంది."

షెడ్డంతా నవ్వేది. పెదనాన్న కూడా నవ్వేవాడు. కానీ బూడిదరంగు కారు వచ్చేదాకా నెలల తరబడి ఆ చోటు ఖాళీగా ఉంచేవాడు. ఏ కారుకీ కలపని రంగు ఒక్కటి కూడా ఆ గోడమీద వెయ్యలేదు.

స్కూటర్‌కి రంగు వేయించుకుందామని వచ్చిన డ్రాయింగ్ మాస్టారు ఆ గోడ చూసి స్కూటర్ సంగతే మర్చిపోయాడు. మర్నాడొక లావుపాటి పుస్తకం తెచ్చాడు, నిండా బొమ్మ లేని బొమ్మలు, ఒట్టి రంగులే. పెదనాన్న పేజీలు తిప్పి, "వీళ్ళంతా ఏ షెడ్డులో చేశారండీ?" అని అడిగాడు. మాస్టారు నవ్వలేదు. "మీరు చేసిందీ ఇదేనండీ" అన్నాడు.

యాభై రెండేళ్ళ మనిషికి తను చేస్తున్నదేమిటో ఆ రోజు తెలిసింది. బొమ్మల ప్రదర్శనలు పెట్టేవాళ్ళని సోమవారం తీసుకొస్తానని మాస్టారు చెప్పాడు. పెదనాన్న ఆ వారమంతా రోజూ గడ్డం గీసుకుని వచ్చాడు. తమ్ముడితో మాత్రం, ఎవరో పెద్దవాళ్ళు షెడ్డుకొస్తారని చెప్పి ఊరుకున్నాడు. గోడ కోసమంటే నవ్వుతాడని భయం.

సోమవారం వాళ్ళొచ్చారు. తెల్లగోడ చూశారు. మర్యాదస్తులు, టీ తాగి వెళ్ళారు. ఖాళీ గ్లాసులు మా నాన్నే ఏరి పెట్టాడు. పెదనాన్న తమ్ముడితో "శుభ్రంగా ఉంది" అన్నాడు, అంతే.

తర్వాత మాస్టారు వీటిమీద వెయ్యమని ఐదు చెక్కపలకలు తెచ్చిచ్చాడు. పెదనాన్న వాటిముందు కూర్చుని డబ్బాల మూతలు తీసేవాడు, పెట్టేవాడు. "దేనికి కలపాలిరా?" అని నన్నడిగాడోసారి. ఎదురుగా ఏదో ఒకటుంటే దానికి సరిపోయే రంగు ఎలాగైనా తెస్తాడు. ఏమీ లేనిచోట చెయ్యి కదల్లేదు. నాలుగో నెలలో దగ్గితే నెత్తురు పడింది. మూతికి గుడ్డ కట్టుకుని ముప్పై ఎనిమిదేళ్ళు పీల్చిన రంగు ఎక్కడికి పోతుంది?

ఆఖరిసారి ఆస్పత్రిలో చూశాను. ఆక్సిజన్ గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నర్సు అప్పటికే రెండుసార్లు తిట్టి వెళ్ళిందట. ఆ పలకల సంగతి వదిలెయ్ పెదనాన్నా, నేనింకో షెడ్డు చూస్తాను, ఇంకో గోడ చూస్తాను, మళ్ళీ మొదలుపెడదువుగాని అన్నాను.

"ఆ గోడకి పంతొమ్మిదేళ్ళు పట్టిందిరా" అన్నాడు. "వెళ్తూ వెళ్తూ డాక్టరుగారిని అడిగి చూడు, ఇంకో పంతొమ్మిది ఇస్తాడేమో."