కందెన పెట్టిన రోజు, ఎదురెదురు కోణాలు

మా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో... సంతకు వెళ్ళే ముందు మా నాయన ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టేవాడు. కాల్చిన గడ్డి మసీ, ఆముదమూ కలిపిన నల్లటి ముద్ద. ఆ వాసనంటే నాకు భలే ఇష్టం.

ఆ రోజు మాత్రం బెల్లం మూటలు దింపకుండానే పని మొదలుపెట్టాడు. చింతామణి సంతకు ఆలస్యమవుతుందని తొందర. రెండు గుంజలను ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, దాటుకున్న చోట తాడు బిగించి, పై పంగలో ఇరుసును ఆనించాడు. చక్రం ఊడదీసి, గుంజల కాళ్ళ మధ్యనుంచి బండి కిందకు తల దూర్చి ఇరుసు తుడుస్తున్నాడు.

నేను పక్కనే కూర్చుని పాఠం వల్లె వేస్తున్నాను. రెండు గీతలు దాటుకుంటే ఎదురెదురు కోణాలు సమానం... పక్కపక్కవి కలిస్తే రెండు లంబకోణాలు. మా సరిహద్దు ఊళ్ళో కన్నడ బడి మేష్ట్రుకి అప్పజెప్పకపోతే వీపు చిట్లిపోయేది.

తలెత్తి చూస్తే ఆ గుంజలు కూడా పాఠంలో గీతల్లాగే ఉన్నాయి. నవ్వొచ్చింది. మళ్ళీ చూస్తే... పై పంగ ఇందాకటికంటే వెడల్పుగా ఉంది! గుంజల కాళ్ళు గడ్డిలో మునిగి కనబడటం లేదు. కానీ పైన కోణం పెరిగిందంటే కిందా అంతే పెరిగి తీరాలి. అంటే కాళ్ళు జారుతున్నాయి... నాయన తల అక్కడే ఉంది.

ఇదంతా చెప్పే వ్యవధి లేదు. ఏం చేయాలో తోచక ఆయన పంచె పట్టుకుని బలంకొద్దీ లాగాను.

"యాడికి పీకుతాండావే? పని చేస్తాండేది కనపడలేదా!" లోపలినుంచే కసిరాడు.

నేను వదల్లేదు. చివరికి నన్ను కొట్టడానికే చెయ్యెత్తుకుని బయటికొచ్చాడు. వెనకాల దభీమని ఇరుసు నేలను తాకింది. బెల్లం మూటలు దొర్లిపోయాయి.

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుని, బండి కిందకు మళ్ళీ మళ్ళీ చూశాడు. మా నాయనకీ భయమేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

"నీకెట్ల తెలిసెనమ్మా?" అన్నాడు.

"మేష్ట్రు చెప్పినారు" అన్నాను, వెక్కుతూ.

ఇప్పుడా బండ్లు లేవు, కందెన అంటే ఏమిటో చెప్పినా పిల్లలకు తెలీదు. పాఠాలు ఆటలైపోయాయి, మంచిదే... మీలో ఎవరికైనా ఇన్నేళ్ళయినా వదలని పాఠం ఉంటే కింద రాయండి, మా పిల్లలచేత చదివించుకుంటాను.

మా మునిమనవరాలు ఫోనులో రంగురంగుల గీతలు గీసి "అవ్వా, ఈ రెండు కోణాలూ సమానం చూడు!" అని నవ్వుతుంది. దానికది లెక్క. నేను మాత్రం ముందు కింది కోణంలో మనిషెవరైనా ఉన్నారేమోనని చూస్తాను...