కుట్టుకి వదిలిన ఖాళీ

ఆ టైలరింగ్ షాపులో ముప్పై ఏళ్లుగా బట్ట కత్తిరించేది ఆవిడే. అందరికీ కత్తెరమ్మ. ఎంత చాలీచాలని గుడ్డయినా ముక్కల్ని అటూ ఇటూ తిప్పి పేర్చి, చొక్కా తీసి, పైన ఓ జేబుకి మిగల్చడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అలాంటి మనిషి ఈమధ్య సుద్దగీత కనబడక రెండు చొక్కాల చేతులు పొట్టి చేసింది. షాపు ఓనరు స్వయానా మరిది. నసిగి నసిగి చెప్పేశాడు.

"వదినా, మీకు చూపు తగ్గింది. రేపట్నుంచి కత్తెర కొత్తమ్మాయికిచ్చి, మీరు గుండీలు కుట్టండి."

"చూపు తగ్గిందని సూది చేతికిస్తావా?" కత్తెరమ్మకి ఒళ్లు మండింది.

మరిది దగ్గర అతని చిన్నప్పటి వీడియో గేమ్ ఒకటుంది. అరచేతిలో పట్టేది. దాని సంచీ, క్యాసెట్లు, తెరకి తగిలించుకునే లైటున్న భూతద్దం, అన్నీ పురిటిబిడ్డలా చూసుకుంటాడు. వెనకాల ముక్కలు పేర్చే ఆటలో తన రికార్డు రాసి అంటించుకున్నాడు: డెబ్బై రెండు వేల పాయింట్లు.

"ముక్కలు రాలుతుంటే పేర్చడమేగా? నీ రికార్డు దాటితే కత్తెర నాదే," అంది.

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే, మూడు ఆటలు."

రెండు ఆటలు చిటికెలో పోయాయి. తెర మీద ఏముందో కనబడితేగా. మూడోసారి భూతద్దం తగిలించుకుంది. ఇంకేముంది, ముక్కలన్నీ కత్తిరింపు బల్ల మీద గుడ్డల్లా కనబడ్డాయి. వేళ్లు ఆగలేదు. వరస నిండితే మాయమవ్వాలి. కానీ ఒక్కటీ నిండట్లేదు, కుప్ప పెరుగుతోంది. కుడి అంచున ఈవిడ సన్నటి ఖాళీ వదిలేస్తోంది మరి.

"అదేంటి వదినా, అక్కడ వదిలేశారు?"

"కుట్టుకి వదలకుండా ఎవరైనా కత్తిరిస్తారా?"

అంతలో పొడుగు ముక్క దిగి, ఆ ఖాళీలో సరిగ్గా కూర్చుంది. నాలుగు వరసలు ఒక్క దెబ్బకి ఎగిరిపోయాయి. కుట్టుమిషన్లు ఆగాయి. మళ్లీ నాలుగు, మళ్లీ నాలుగు. డెబ్బై రెండు వేలు దాటేసరికి కొత్తమ్మాయి ఈల వేసింది. కత్తెరమ్మకి ఇరవై ఏళ్లు తగ్గినంత సంతోషం.

గేమ్ మరిదికి తిరిగిచ్చేసింది. భూతద్దం మాత్రం ఊడదీసుకుని సుద్దగీత మీద పెట్టి చూసింది. గీత తాడంత లావుగా కనబడింది.

మరిది మళ్లీ నసిగాడు. "వదినా, ఆ అద్దం లేకపోతే నాకు తెర కనబడదు."

"అలాగా నాయనా?" అంది కత్తెరమ్మ, కత్తెర అందుకుంటూ. "అయితే నువ్వు గుండీలు కుట్టు."